మామిడి క్రేటులో ఏనుగు గంట

ఏడుకొండల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నేను తిరుమల కొండెక్కే బస్సులో కండక్టరుని. మలుపుకొక కథ చెప్పి యాత్రికులకు కడుపులో తిప్పుడు తెలియకుండా చేయడం నా అలవాటు. ఇది మాత్రం కథ కాదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా పాప మూడో తరగతి. చరిత్ర పాఠం తీస్తే చాలు, ఆవలింతలు. ఒక ఆదివారం మా ఆవిడ ఆ పుస్తకం మూసేసి, బంగారుపాళ్యం మామిడికాయలు వచ్చిన క్రేటును పెరట్లోకి లాగింది. గోనెపట్ట పరిచి, అడుగున ఎర్రమట్టి, మధ్యలో ఇసుక, పైన నల్లమట్టి పోసింది. ఎర్రమట్టిలో కుండపెంకులు, ఇసుకలో పాత రేడియో మీట, నల్లమట్టిలో కరోనా నాటి మాస్కు, పనికిరాని సిమ్ కార్డు దాచింది. పాప చేతికి స్పూను, పెయింటు బ్రష్షు ఇచ్చింది.

"అడుగున ఉండేది పాత కాలం, పైన ఉండేది మన కాలం. ఊరికే తవ్వేయొద్దు, మట్టి తుడిచి తుడిచి సూడు."

పాప అన్నం మాటే మరిచిపోయింది. ఆ రోజు సగం క్రేటే తవ్వి, మిగతా సగం వచ్చే ఆదివారానికి ఉంచింది. దొరికిన ప్రతిదాని బొమ్మా తెల్లకాగితం మీద గీసి, వసారాలో బట్టలారేసే తీగకు క్లిప్పు పెట్టింది. ఒక చివర కుండపెంకు, ఇంకో చివర సిమ్ కార్డు. నేను చదివిన రాజులందరూ నా తలలో ఒకే బస్సులో కిక్కిరిసి ఉంటారు. ఎవరు ముందెక్కారో నాకు ఈనాటికీ తెలియదు. ఈ పిల్లకు కాలం తీగ మీద వరసగా కనబడుతోంది. మా ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: చేతికి దొరికితేనే తీగ మీద చోటు.

అక్కడే నాకు చిక్కొచ్చింది. మా తాత కార్వేటినగరం కోటలో మావటి. ఆయన ఫోటో ఒక్కటీ లేదు, ఆయన్ని చూసినవాళ్ళూ ఇప్పుడు లేరు. ఆ తీగ మీదైనా ఆయనకు చోటు దొరకాలని నా ఆశ.

"సాక్ష్యం యాడుండాది నాయనా?" అంది పాప.

"నా నోరే సాక్ష్యం."

మా ఆవిడ నవ్వింది. "ఆ నోరేనా? మొన్న ఘాట్ రోడ్డులో పులి నీకాడ టికెట్టు తీసుకున్నిందంటివే, అది గూడా తగిలించమంటావా?"

నాకు రోషం వచ్చింది. పాలాయన దగ్గర ఒక ఇత్తడి ఆవుగంట అడిగి తెచ్చాను. నాలుగు రోజులు పుల్లమజ్జిగలో నానబెట్టి పచ్చగా చిలుము పట్టించాను. శనివారం తల్లీకూతుళ్ళు కూరగాయలకు వెళ్ళగానే, తవ్వని సగంలో అడుగు ఎర్రమట్టి దాకా పాతిపెట్టాను.

మర్నాడు గంట బయటపడింది. "ఏనుగు గంట! మా తాతదే!" అని నేను ఎగిరాను. పాప ఎగరలేదు. క్రేటు పక్కన బోర్లా పడుకుని, గోనెపట్ట పక్కకు జరిపి సందుల్లోంచి చూసింది.

"నాయనా, మిగతా తావుల్లో మూడు రంగులూ గీత గీసినట్టుండాయి. గంట కాడ మాత్రం అన్నీ కలిసిపోయినాయి. ఎవురో పైనుంచి గుంత తీసి పెట్టినారు." గంటను ముక్కు దగ్గర పెట్టుకుంది. "మజ్జిగ వాసన గూడా వస్తాండాది."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సులో ఇన్నేళ్ళుగా ఒక్కరూ పట్టుకోలేని నా అబద్ధాన్ని మూడో తరగతి పిల్ల స్పూనుతో పట్టుకుంది. సిగ్గేసింది. అంతకు రెండింతలు గర్వమూ కలిగింది. ఆ కళ్ళు ఇచ్చినది వాళ్ళమ్మ.

నేను మూతి ముడుచుకుని మెట్ల మీద కూర్చుంటే పాప పక్కన చేరింది.

"ముత్తాత సంగతి నీకెవురు చెప్పినారు?"

"మా నాయన."

పాప తల్లిని కేకేసింది. "అమ్మా, వస్తువు దొరకలేదు గానీ జేజినాయన చెప్పినాడంట గదా. ఇట్లాంటివాటికి వేరే రంగు కాగితం పెడదామా?"

మా ఆవిడ పాపను కొత్తగా చూసింది. ఆ ఉపాయం ఆమెకూ తట్టలేదు. లోపలికి వెళ్ళి పసుపు కాగితం తెచ్చింది.

పాప పెన్సిలు పట్టుకుని అడిగింది. "జేజినాయన అచ్చంగా ఏమని చెప్పినాడు?"

"ఏనుగు తోలినాడని," అన్నాను, గోడ వైపు చూస్తూ.

"ముత్తాత మావటి. జేజినాయన చెప్పినాడు. వస్తువు దొరకలేదు," అని రాసి కుండపెంకు పక్కనే తగిలించింది.

ఒట్టేసి మొదలుపెట్టాను కాబట్టి చెప్పేస్తాను. క్రేటు, మజ్జిగ, పసుపు కాగితం అన్నీ నిజం. మావటి మాత్రం నా కల్పన. మా నాయన అన్నది, "మీ తాత కోటలో ఏనుగులకు గడ్డి కోసి ఏసేవాడు" అని, అంతే. గడ్డిమోపు కింద నడిచే మనిషిని ఏనుగు మెడ మీదికి ఎక్కించింది నేనే, ఘాట్ రోడ్డు రెండో మలుపులో, యాత్రికుల కోసం.

పాప బడి నుంచి రాగానే ఆ కాగితం దింపించి దిద్దిస్తాను. గడ్డి కోసినాడన్న మాట మా నాయన నోటి నుంచి నేను విన్నదే. తాతకు ఆ చోటు చాలు.