తెమెలీనా నడక

మా తెమెలీనాకి పుట్టుకతోనే కాళ్ళు వణుకుతాయి. కర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేదు. చేతులు మాత్రం బంగారం. గ్రీసులోని మా కాలిమ్నోస్ దీవిలో, రేవు వెనకున్న స్పాంజి కొట్లో నా పక్కనే కూర్చుని, సముద్రం నుంచి తెచ్చిన స్పాంజీలని గొర్రెల ఉన్ని తీసే కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తుంది. నోరు ఆ కత్తెర కంటే పదును. అంతటి మనిషీ అద్దం అంటే భయపడేది. రేవు వెంట నడిచేటప్పుడు దుకాణాల అద్దాల్లో తన రూపం కనపడుతుందని సముద్రం వైపే చూస్తూ నడిచేది.

పెళ్ళిళ్ళలో వయొలిన్ మొదలవగానే ఆడవాళ్ళంతా చేతిసంచులు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి నాట్యం వరసలోకి పరిగెత్తేవాళ్ళు. "నువ్వెలాగూ కూర్చునే ఉంటావు కదే!" అని పైగా ఒక మాట. ఆ సంచుల కుప్ప వెనక ఆమె కర్ర నేల మీద తాళం వేస్తూనే ఉండేది. నాట్యమంటే ఆమెకి ప్రాణం. ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు.

ఆ ఏడు ఈస్టర్ వెళ్ళాక, స్పాంజి పడవలు బయల్దేరే ముందు మికేస్ మా కొట్టుకి వచ్చాడు. ఎద్దులాంటి కుర్రవాడు, కొత్తగా డైవర్ అయ్యాడు. పడవలు వెళ్ళే రోజున రేవులో ఒక నాట్యం ఆడటం మా ఆనవాయితీ. సముద్రపు లోతుల్లోంచి తొందరపడి పైకొచ్చి కాళ్ళు పడిపోయిన డైవర్ కథ అది. వరసలో మొదటివాడు కర్ర పట్టుకుని, వణుకుతూ, పడుతూ లేస్తూ ఆడతాడు. చివర్లో కర్ర విసిరేసి నిటారుగా నిలబడి చిందులేస్తాడు. అది చూశాకే డైవర్ల తల్లులు, పెళ్ళాలు స్థిమితపడతారు. ఆ ఏడు మొదటి చోటు మికేస్‌ది.

"తెమెలీనక్కా," అంటూ బాదం మిఠాయి పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. "నీ కాళ్ళెలా వణుకుతాయో ఓసారి నడిచి చూపించవూ? ఎంత చేసినా నాకు పట్టుబడట్లేదు."

నాకు ఒళ్ళు మండింది. "సిగ్గులేదట్రా నీకు? ఆవిడేమన్నా నీ ముందు ఆడే కోతా?"

తెమెలీనా మాత్రం లేచింది. "ఉండవే, పాపం మిఠాయి తెచ్చాడుగా," అని కొట్టు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. మికేస్ వెనకే నడిచాడు. గట్టివాడే. భుజం వాలడం, కాలు ముందుకి విసరడం, మడమ నేలకి ఆనే ముందు ఆ చిన్న ఆగుడు, అన్నీ దించేశాడు. తెమెలీనా వెనక్కి తిరిగి, కర్ర మీద ఆనుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇంకోసారి నడవరా."

వాడు నడిచాడు.

"అది నేనేనా?"

"నువ్వే అక్కా."

"నా నడక ఇంత బాగుంటుందటే!" అని నా వైపు తిరిగింది. ముఖం వెలిగిపోతోంది. "అల వచ్చి, ఆగి, విరిగినట్టుంది. ఇన్నేళ్ళూ ఒక్కరూ చెప్పలేదేం?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె అప్పటికే వాడి మీద పడింది. "కానీ ఒకటి రా అబ్బాయ్. నువ్వు పడిపోడానికి వణుకుతున్నావు. నేను పడకుండా ఉండడానికి వణుకుతాను. అది నీకు రాదులే. ఆ మొదటి చోటు నాకివ్వు."

నాట్యం నేర్పే సకెల్లారిస్ మామ ఆ మాట విని ఇంతెత్తున లేచాడు. "ఆడది ముందు నిలబడ్డమా? సరే, అదీ ఒప్పుకుందాం. చివర్లో కర్ర విసిరెయ్యాలి కదమ్మా, నువ్వెలా విసురుతావు?"

"విసరను మామా. నాకు దాంతోనే పని."

"అందుకే వద్దంటున్నా! రేవు నిండా పడవెక్కేవాళ్ళ ఆడవాళ్ళుంటారు. కర్రతోనే ముగిస్తే అపశకునం అని నన్ను సముద్రంలోకి తోస్తారు."

మికేస్ గొంతు సవరించుకున్నాడు. "మామా, రేపు నేనే కాళ్ళు పోయి తిరిగొచ్చాననుకో. నన్నూ సంచులిచ్చి మూల కూర్చోబెడతారా?"

సకెల్లారిస్ మీసం లాక్కున్నాడు. "పక్కన నువ్వుండు. పడితే పట్టుకో," అన్నాడు చివరికి.

"పడితే నేనే లేస్తాను," అంది తెమెలీనా.

పడవలు వెళ్ళే రోజున ఆమె తన గౌనుని మా కొట్టు కత్తెరతోనే మోకాళ్ళ దాకా కత్తిరించుకుని వచ్చింది. ఊరు ఎన్నడూ చూడని ఆ సన్నటి కాళ్ళు ఎండలో బాహాటంగా వణుకుతున్నాయి. జనంలో గుసగుసలు రేగాయి. వయొలిన్ మొదలైంది. ఆమె కదిలింది. నడుమ ఒకసారి పడింది కూడా. మికేస్ వంగబోతే కళ్ళతోనే కసిరి, కర్ర మీద బరువేసి లేచి నిలబడింది.

ఆఖరి ఘట్టం వచ్చింది. వయొలిన్ వేగం పెంచింది. అందరి కళ్ళూ కర్ర మీదే.

"విసిరెయ్యవే! నా బిడ్డ వెళ్తున్నాడే, విసిరెయ్యవే!" అని అరిచింది ఒకావిడ. మికేస్ తల్లి.

తెమెలీనా ఆగింది. కర్రని రేవు రాళ్ళ మీద ఠంగున కొట్టింది. మళ్ళీ కొట్టింది. కాలు విసిరింది, ఆగింది, మడమ ఆనించింది. వయొలిన్ తడబడి, తేరుకుని, ఆమె తాళంలోకి వచ్చింది. వరసంతా అడుగు మార్చుకుంది. ఆమె ఆగినప్పుడు బలమైన మగాళ్ళంతా ఆగారు, ఆమె వాలినప్పుడు వాలారు.

మికేస్ తల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడుకు చెయ్యి దొరకబుచ్చుకుని వరసలో దూరింది. "ఇలా వచ్చినా చాలురా నాయనా," అని వెక్కుతూ, ఆ అడుగే వేసింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. పడవెక్కాల్సిన డైవర్లు, వాళ్ళ పెళ్ళాలు, అందరూ చేతులు కలిపారు.

మా దగ్గర పాట ఎప్పుడు ఆపాలో చెప్పేది వరసలో మొదటి మనిషే. వయొలిన్ ముసలాయన జాలిపడి ఆమె వైపు వంగాడు.

"చెమటలు కారిపోతున్నాయి తల్లీ. ఇక ఆపమంటావా?"

"నీ చెయ్యి నొప్పెడితే చెప్పు బాబాయ్, ఇంకొకణ్ణి పిలుస్తాను," అంది తెమెలీనా. "నేనిప్పుడే మొదలెట్టాను."