మిరప నారుకు పడకగది కిటికీలు

వెండెల్ పడకగదికి కిటికీలు లేవు. అద్దాల రెక్కలు రెండూ ఊడదీసి పెరట్లో చెక్క పెట్టెకు మూతలు చేశాడు. వాటి కింద గుర్రపు లద్దె వెచ్చదనంలో మిరప నారు దర్జాగా పెరుగుతుంటే, ఆయన ప్లాస్టిక్ పట్టా కట్టిన గదిలో స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని పడుకునేవాడు.

"మిరపకు అద్దాల మేడ, నీకేమో పట్టా గుడిసె! ఏం రాతన్నయ్యా నీది!" అనేది కంచె అవతలి బోర్బాలా.

"నీ కళ్లు నా నారు మీద పడకుంటే చాలు చెల్లెమ్మా, నా రాత బాగానే ఉంది."

జీవితమంతా బస్సు నడిపిన మనిషి. టికెట్ లేకుండా ఒక్కరినీ ఎక్కనివ్వలేదు, ఒక్క మొక్కనూ ఎవరికీ ఇవ్వలేదు. అయితే ఈసారి పిసినారితనానికి కారణముంది. చలికాలంలో భార్య గిజెల్లా పోయింది. ఆ లావు తెల్ల మిరప ఆమె పుట్టింటి విత్తనం, ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. డబ్బాలో మిగిలిన గింజలన్నీ ఆయన చల్లేశాడు. ఈ నారు పోతే ఆ మిరపా పోయినట్టే. అందుకే కంచెలో వదులైన పలకను కూడా మేకులు కొట్టి బిగించాడు.

మే నెలలో ఆఖరి మంచును వెంటబెట్టుకుని మంచు సెయింట్లు వస్తారు. పొంగ్రాట్స్, సెర్వాట్స్, బొనిఫాట్స్, వరసగా ముగ్గురు. వాళ్ల రోజులు దాటేదాకా తిసా నది ఒడ్డున ఎవరూ మిరప నారు బయట నాటరు. వెండెల్ అయితే మూతలే తెరవలేదు. రెండో సెయింటు రోజున మంచు సంగతి దేవుడెరుగు, ఎండ మాడు పగలగొట్టింది.

"అన్నయ్యా, మూత కింద ఇటుక పెట్టి కాస్త గాలి తగలనీ! నారు ఉడికిపోతుంది!"

"బొనిఫాట్స్‌ని కూడా పోనీ. అయినా నువ్వు తెరవమంటున్నావంటేనే ఏదో ఉంది."

అనుమానం పెనుభూతం అంటారు. అది పట్టినవాడికి ఎండ కూడా పొరుగింటి కుట్రలాగే కనిపిస్తుంది. ఆవిరి పట్టిన అద్దంలోంచి లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలియలేదు.

మూడో సెయింటూ వెళ్లాక మూత ఎత్తాడు. నారు ఉడకబెట్టిన తోటకూరలా మట్టికి అతుక్కుపోయింది. పెట్టె పక్కనే కూలబడి, "గిజెల్లా, నీ మిరపను నేనే వండేశానే!" అని పెద్దగా ఏడ్చాడు.

ఆ ఏడుపు విని బోర్బాలా వీధి చుట్టూ తిరిగి పరుగున వచ్చింది. చేతుల్లో పెరుగు డబ్బాలు, వాటిలో నిగనిగలాడే నాలుగు మిరప మొక్కలు.

"ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. ఈస్టర్ నాడు నువ్వు చర్చికెళ్లినప్పుడు పీక్కెళ్లాను. దొంగ మొక్క దండిగా కాస్తుందని మా అమ్మ అనేది. ఇవి మా వదిన మిరపే. అడిగితే ఇచ్చేవాడివా నువ్వు?"

వెండెల్ నోరు తెరిచాడు. ఆమె గబుక్కున డబ్బాలు కింద పెట్టి చెయ్యి అడ్డం పెట్టింది.

"థాంక్స్ అన్నావో, చంపేస్తాను! నారు తీసుకుని ఆ మాటంటే మొక్క బతకదు, తెలీదూ?"

తెలుసు. ఏ ప్రయాణికుడికీ, ఆఖరికి గిజెల్లాకూ చెప్పని మాట ఈవేళ గొంతుదాకా వచ్చింది. చెప్పే వీల్లేక మింగేశాడు. కళ్లు మాత్రం ఆగలేదు.

సాయంత్రం సుత్తి తెచ్చి కంచె పలక మేకులు ఒక్కొక్కటే పీకాడు.

"ఏంటన్నయ్యా ఆ చప్పుడు?"

"వచ్చే ఏడు దొంగతనానికి వీధి చుట్టూ తిరగక్కర్లేదులే చెల్లెమ్మా," అన్నాడు వెండెల్.