మట్టి చేసే రోజు వాయించే కీర్తన

ఈ ఉదయం యుకులేలేకు కొత్త తీగలు ఎక్కించాను. వేలికొసలు మండుతుంటే సుశీలక్క గుర్తొచ్చింది.

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో మా లైన్‌కు ఆమె సూపర్‌వైజర్. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. అంతకుముందెప్పుడో ఒక చిన్న వర్క్‌షాపులో ప్రెస్సు మిషను కింద నలిగి ఆమె ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి. చిన్నప్పటినుంచీ చర్చిలో గిటారు వాయించిన మనిషి. ఇక ఆ చేతికి గిటారు లొంగక, నాలుగే తీగలున్న ఈ బుల్లి వాయిద్యం కొనుక్కుంది. నేను చేరిన కొత్తలో, గూడూరులోని ఇంటి మీద బెంగతో అన్నం ముట్టకుండా కూర్చుంటే, దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఊరకే కూసుంటే ఇల్లే గుర్తొస్తాది పాపా. పట్టుకో."

నేర్పింది మాత్రం పోయినవాళ్ళను మట్టి చేసేటప్పుడు పాడే పాత కీర్తన. క్రిస్మస్ పాట నేర్పమని బతిమాలాను.

"పండగ పాట ఎవురైనా వాయిస్తారు. సావింట్లో వాయించేదానికే మనిషి దొరకడు," అంది. నేను తొందరపడితే తీగల మీద అరచేయి వేసి ఆపేసేది. "మెల్లిగా. ముసిలోళ్ళు ఊపిరి తీసుకోవాల గదా."

వానాకాలం మొదలయ్యేసరికి ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. అప్పటికే ముదిరిపోయింది. తిరుపతి ఆసుపత్రిలో, మంచం పక్కన కూర్చున్న నన్ను దగ్గరకు రమ్మంది.

"నన్ను మట్టి చేసే రోజు నువ్వే వాయించాల."

"నావల్ల కాదక్కా. ఏడుపొచ్చేస్తాది."

"నువ్వూ ఏడిస్తే మాయమ్మ ఎవుర్ని పట్టుకోని ఏడ్సాల?"

చిత్తూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో, సన్నటి తుంపరలో, పాస్టరు గారు తల ఊపగానే మొదలుపెట్టాను. పెట్టె గోతిలోకి దిగుతుంటే ఆమె తల్లి వచ్చి నన్ను వాటేసుకుంది. ఆవిడ ఎక్కిళ్ళకు నా ఒళ్ళంతా అదిరిపోతున్నా ఒక్క తీగ కూడా తప్పలేదు. చివరి చరణం దాకా, ముసలివాళ్ళకు ఊపిరి అందేలా వాయించాను. తిరుగు బస్సులో, ఇప్పుడైనా ఏడుద్దామనుకున్నాను. రాలేదు.

తర్వాత మా నాయన పోయినప్పుడూ నేనే వాయించాను. అమ్మ నన్ను పట్టుకునే ఏడ్చింది. ఇప్పుడు మా చర్చిలో ఎవరు పోయినా నాకే కబురు వస్తుంది. వెళ్తాను. అయ్యాక ఎవరో ఒకరు నా చేతులు పట్టుకుని, "ఎంత గుండె నిబ్బరం తల్లీ నీది," అంటారు. అక్క కోసం, నాయన కోసం రావలసిన ఏడుపు ఇంకా నాలోనే ఉంది.