సూపు ఒలకని టైర్లు

ఉప్పు మైదానం అంచునున్న మా ఉయూనిలో డ్రైవర్ల మధ్య కూర్చుని టైర్ల మాట ఎత్తారంటే ఇక ఆ పూటకి మీ పని అయిపోయినట్టే. ఎన్నికల గురించైనా, దేవుడి గురించైనా ఒకరి మాట ఒకరు వింటారు గానీ, టైర్ల దగ్గరికొచ్చేసరికి ఎవడికి వాడే మొనగాడు. అలాంటి మొనగాళ్ల ఊళ్లో, కార్నివాల్ మంగళవారం నాడు, రంగు కాగితాలు చుట్టి ఊరేగింపుగా తెచ్చిన కొత్త టైర్లని అందరి ముందూ నాకొద్దు పొమ్మన్న మనిషి నికోలాసా యుక్రా. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీండి, నాకేం?

నికోలాసాది ఉప్పు మైదానానికి దక్షిణాన కీన్వా గింజలు పండే ఊరు. చిన్నప్పుడు లామాలు కాసింది. సెవేరోని చేసుకున్నాక అతని జీపులో వంటమనిషిగా ఎక్కింది. మా దగ్గర పద్ధతే అంత. స్టీరింగు దగ్గర మొగుడు, మధ్య సీట్లలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యాత్రికులు, అందరికన్నా వెనక గ్యాసు బండతో, గిన్నెలతో పెళ్లాం. ఉప్పు దాటి, సిలోలి రాళ్ల ఎడారి దాటి, ఎర్ర చెరువు చూపించి మళ్లీ ఊరు చేరేదాకా ఆ ముగ్గురి చోట్లూ మారవు. తెల్లారగట్ల బసలో కాచిన సూపుని మూతకి గుడ్డ కట్టి, దుప్పటి చుట్టి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని మధ్యాహ్నం భోజనం వేళ దాకా వేడిగా మొయ్యాలి. దార్లో హోటళ్లూ గట్రా ఉండవు కదా. అంచేత వంటమనిషికి దారి కళ్లతో కాదు, మోకాళ్లతో తెలుస్తుంది.

తమ జీపైనా, దార్లో ఇంకొకరిదైనా దిగబడితే పార పట్టుకుని ముందు దిగేది కూడా ఆవిడే. మొగుడు స్టీరింగు వదలడు. యాత్రికులు ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. ఇక మిగిలిందెవరు? అలా ఉప్పు అంచున బురదలో, చెరువుల పక్క ఇసకలో నికోలాసా తవ్విన గోతులన్నీ కలిపితే ఊరికో నుయ్యి అయ్యేది. ప్రతి గోతిలోనూ ఆవిడ చూసింది టైరునే. ఎక్కడ కరిచింది, ఎక్కడ జారింది, ఎక్కడ తన గొయ్యి తనే తవ్వుకుంది.

ఇలా సాగుతుండగా సెవేరో కళ్లు పోయాయి. పూర్తిగా కాదు, ఇంట్లో మసులుకునేటంత చూపు మిగిలింది. ఉప్పు మీద ఎండ తిరిగి కొట్టే తెల్లదనానికి నల్లద్దాలు పెట్టుకో మొర్రో అని ఆవిడ మొత్తుకుంటే, నాకెందుకా వేషాలు అని నవ్వేవాడు. పొతొసి పట్నంలో డాక్టరు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. జీపు పెరట్లో నిలబడిపోయింది.

జీపు నిలబడితే నిలబడింది, దానితో పాటు వంతు పోతుంది. అదీ అసలు భయం. డ్రైవర్ల సంఘంలో వంతు ఉన్న జీపుకే యాత్రికులు దొరుకుతారు. కార్నివాల్ దాటినా కదలని జీపు వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఒకసారి పోయిన వంతు మళ్లీ రాదు. నికోలాసా సంఘానికి వెళ్లి, జీపు మాది, వంతు మాది, నేను నడుపుతాను అంది. ఆవిడకి నడపడం ఎప్పుడొచ్చిందని అందరూ నోరెళ్లబెట్టారు. సెవేరో పండగల మర్నాడు మత్తు దిగక వెనక సీట్లో పడుకుంటే జీపుని ఉప్పు దాటించింది ఎవరనుకున్నారు? గుద్దుకోవడానికి చెట్టూ పుట్టా లేని చోట ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ తరవాత సిలోలి రాళ్లలో కూడా నేర్చుకుంది. లైసెన్సు తీసుకుని మరీ వచ్చింది.

సంఘం పెద్ద ఫుల్హెన్సియో కాయో నవ్వలేదు. ఆయన నవ్వి ఊరుకునే రకం కాదు. చాలా మర్యాదగా, నడుపు వదినా, దానికేం, కాకపోతే అరిగిపోయిన టైర్లతో వరసలో నిలబెట్టలేం, కొత్త చక్రాలకి పద్రీనో ఉండాలి, ఆ పద్రీనోగా నేనే నిలబడతా అన్నాడు. మా దగ్గర ప్రతిదానికీ ఒక పద్రీనో ఉంటాడు. పెళ్లి కేకుకి ఒకడు, ఇంటి కప్పుకి ఒకడు, జీపు చక్రాలకి ఒకడు. వస్తువు ఇచ్చి, కార్నివాల్ మంగళవారం చేసే చాల్యా పూజ నాడు దాని మీద బీరు చిలకరించి భూమాత పచమామకి అప్పజెప్పిన మనిషి ఆ ఇంటికి చుట్టమవుతాడు. చుట్టం మాట తోసెయ్యకూడదు. ఇచ్చినదాన్ని వెనక్కి పంపడం అంటే మొహాన ఉమ్మేసినట్టే.

సాయంత్రానికి ఆ మర్యాద వెనక ఉన్నదేమిటో సెవేరో చెవిన పడింది. చక్రాలు ఫుల్హెన్సియోవి, కాబట్టి కొన్నాళ్లు ఆయన మేనల్లుడు ఎదిల్సన్ స్టీరింగు దగ్గర కూర్చుంటాడు. వదిన ఎప్పటిలాగే తన చోట తను, గిన్నెల దగ్గర. సెవేరోకి ఇందులో తప్పేం కనపడలేదు. ఫుల్హెన్సియో ఇచ్చేది పైన పెద్ద పెద్ద రబ్బరు బటన్లున్న బురద టైర్లు, చూస్తేనే జీపుకి మీసం మొలిచినట్టుంటుంది, పైగా వానాకాలం, ఉప్పు అంచంతా బురదేనాయె, ఆయనన్నదీ నిజమే కదా అని నసపెట్టాడు. నికోలాసా అన్నం గరిటె పక్కన పెట్టి ఒక్కటే అంది. "బురద ఎంతసేపు? అంచు దాటేదాకా. ఆ తరవాత దారంతా నా మోకాళ్ల మీదేగా నడిచేది."

మర్నాడే రెండు లామాల్ని అమ్మేసి టైర్ల కొట్టుకి వెళ్లింది. కొట్టువాడు ఆవిడ వెనక ఎవరైనా మగవాడు వస్తున్నాడేమోనని తొంగి చూసి, మీ ఆయనేడక్కా అన్నాడు.

"ఆయన కళ్లు ఇంట్లో ఉన్నాయి. నా మోకాళ్లు ఇక్కడున్నాయి. టైర్లు చూపించు."

వాడు కూడా ముందు బురద టైర్లే దొర్లించాడు. ఆవిడ వాటి బటన్ల మధ్య పిడికిలి దూర్చి చూసింది. సందులు ఇంత పెద్దవైతే సిలోలి రాళ్లు వచ్చి ఇరుక్కుంటాయి. గట్టి ఉప్పు మీద ఝుమ్మని ఒకటే రొద పెడతాయి, అలల్లాంటి గతుకుల మీద ఒళ్లంతా కుదిపేస్తాయి, సూపు నురగ కడుతుంది. ఉప్పునీళ్లని ఎగజిమ్మి ఇంజను వైర్ల మీద పోస్తాయి. ఇసకలోనైతే చెప్పక్కర్లేదు, ఎలక బొరియ తవ్వినట్టు తవ్వుతాయి. వద్దంది. రోడ్డు టైర్లు తెచ్చాడు, నున్నగా, ముద్దుగా ఉన్నవి. వీటి పక్క రబ్బరు మొదటి రాయికే చీలిపోతుందని బొటనవేలితో నొక్కి చూపించి అవీ వద్దంది. చివరికి మూల నుంచి ఆల్ టెరైన్ అనే, ఏ దారికైనా పనికొచ్చే రకం లాక్కొచ్చాడు. బటన్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, అంచులు గుండ్రంగా ఉన్నాయి. పక్కన గట్టిగా గుద్దితే ఆవిడ చెయ్యే నొప్పెట్టింది. ఇంకాస్త వెడల్పువి తీసుకో, జీపు నిండుగా కనపడుతుందని వాడు ఆశ పెట్టబోతే, మలుపు తిప్పేది నువ్వా నేనా అని కసిరి, జీపుకి మొదట్నించీ ఉన్న కొలతే తీసుకుంది.

అక్కడితో ఆగలేదు. టైర్లు వేయించి, బాసిలియా, కసిల్దా అనే ఇద్దరు వంటమనుషుల్ని వెనక కూర్చోబెట్టి, వాళ్ల మోకాళ్ల మధ్య నిండు సూపు గిన్నె పెట్టి, టైర్లలో గాలి కాస్త తగ్గించి గతుకుల దారమ్మట ఉప్పు అంచు దాకా వెళ్లొచ్చింది. చాల్యా జరగని టైరు ఉప్పు తొక్కకూడదు కాబట్టి అంచు దగ్గరే వెనక్కి తిప్పింది. దుప్పటి తడవలేదు. బాసిలియా గిన్నె మూత తీసి చూసి, ఇన్నేళ్లూ మనం ఎందుకు నోరు మూసుకుని కూర్చున్నామే అని తిట్టుకుంది. ఆ రోజు ఫుల్హెన్సియో పెళ్లాం దొమింగాని కూడా పిలిచారు. ఆవిడా వంటమనిషే, మొగుడి జీపులోనే. మా ఆయనకి తెలిస్తే బాగోదని ఇంట్లోంచి కదల్లేదు.

మంగళవారం వచ్చింది. రైలు పట్టాల పక్క వీధిలో జీపులన్నీ బారులు తీరాయి. బానెట్ల మీద పూలు, అద్దాలకి రంగు కాగితాలు, బీరు సీసాలు, ఒకటే బాకాల మోత. నికోలాసా తన జీపుని తనే నడుపుకొచ్చి వరస చివర ఆపింది. సెవేరో పక్క సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. అప్పుడే ఫుల్హెన్సియో మేనల్లుడి చేత నాలుగు బురద టైర్లు దొర్లించుకుంటూ వచ్చాడు. కాగితం మాలలు వేసి, వాటిని పెళ్లికొడుకుల్లా తయారుచేశాడు. జీపుకి అప్పటికే ఉన్న టైర్లని ఎగాదిగా చూసి, చూడనట్టే మాట్లాడాడు. సెవేరో నాకు తోడబుట్టినవాడితో సమానం, వాడి కష్టం నా కష్టం, ఈ చక్రాలు నా చేత్తో ఇస్తున్నా అని అందరికీ వినపడేలా చెప్పాడు.

నికోలాసా జీపు దిగింది. ఇప్పుడు కాదంటే వంతు పోవచ్చు. ఔనంటే స్టీరింగు పోతుంది. రెండూ ఆవిడకి తెలుసు.

"ఫుల్హెన్సియో బావా, నీ టైర్లు నాకొద్దు. వెనక్కి తీసుకెళ్లు."

బాకాలు ఊదేవాళ్లు తప్ప అందరూ ఆగిపోయారు. ఫుల్హెన్సియో, అరె వదినా, అంచు దగ్గర నీళ్లెంత ఉన్నాయో చూశావా, ఈ పిల్ల టైర్లతో మొదటి బురదలోనే కూర్చుంటావు అన్నాడు. ఆవిడ తన ముందు చక్రం పక్కకి వెళ్లి నిలబడింది. అప్పుడు ఆయన మర్యాద పక్కన పెట్టేశాడు.

"సరే. నావి వద్దన్నావు. నీ చక్రాలకి పద్రీనో ఎవరు? పద్రీనో లేని చక్రం వరసలోకి రాదు. ఎవరున్నారు, పిలువు."

మగాళ్లందరూ ఒక్కసారి తమ బూట్లు చూసుకున్నారు. సంఘం పెద్దని కాదని ఎవరు ముందుకొస్తారు? సెవేరో జీపులోంచి దిగనైనా దిగలేదు. నికోలాసాకి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపు కాదు, మంట. ఇన్నేళ్లు వీళ్లందరి జీపులకీ పార పట్టింది తను.

కసిల్దా గుంపు తోసుకుంటూ వచ్చి ముందు చక్రం మీద చెయ్యేసింది. ఈ చక్రానికి మద్రీనాని నేను అంది, ఆడ పద్రీనో అన్నమాట. బాసిలియా రెండోదాని దగ్గర నిలబడింది. పద్రీనో అంటే మగవాడే అని మీ రూలులో ఎక్కడుందో చెప్పండని అడుగుతూ, వాళ్లతో తిరిగే ఎర్మిన్యా అనే ముసలి వంటమనిషి మూడోదాని మీద కూర్చున్నంత పనిచేసింది. నాలుగో చక్రం మిగిలిపోయింది. ఫుల్హెన్సియో నవ్వాడు. మూడు చక్రాల జీపు ఎక్కడిదాకా పోతుంది వదినా అన్నాడు.

ఆయన వెనకనుంచి దొమింగా వచ్చింది. గుప్పిట్లో రంగు కాగితం ముక్కలున్నాయి. నిజానికి మొగుడి టైర్ల మీద చల్లడానికి తెచ్చుకున్నవి. ఫుల్హెన్సియో ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపబోయి, ఇంటికి పద అన్నాడు.

"ఏ ఇంటికి? నీ బురద టైర్ల మీద మరిగే సూపు నా తొడ మీద ఒలికిన రోజు, జీపు ఆపమంటే ఆపావా? ఆ మచ్చ నీకు తెలీదా?" దొమింగా గొంతు పెంచలేదు. "నాలుగో చక్రం నాది."

కాగితం ముక్కలన్నీ నికోలాసా టైరు మీద పోసేసింది. ఆ వీధిలో ప్రతి మగాడికీ తన జీపు వెనక సీటు గుర్తొచ్చి ఉంటుంది. రాకపోతే వాళ్ల ఖర్మ. రేపు గిన్నెలు ఎవరు మోస్తారనేది మాత్రం అందరికీ గుర్తొచ్చింది, అది వాళ్ల మొహాల్లో నేను చూశాను.

నికోలాసా సీసా తెరిచి గ్లాసు నింపింది. ముందు నలుగురు ఆడవాళ్లకీ ఇచ్చింది. వాళ్లు పచమామకి నాలుగు చుక్కలు వదిలి, చక్రాల మీద చిలకరించి తాగారు. తరవాత మళ్లీ నింపి తిన్నగా ఫుల్హెన్సియో దగ్గరికి వెళ్లి చాపింది. చాల్యా నాడు చేతికిచ్చిన గ్లాసు కాదంటే, ఇచ్చిన మనిషిని కాదు, భూమినే కాదన్నట్టు. ఉప్పు మీద బతికేవాడు ఆ పని చెయ్యడు. ఎంత మొండివాడైనా చెయ్యడు.

ఆయన గ్లాసు వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. తీసుకున్నాడు. కొన్ని చుక్కలు నేల మీద, కొన్ని నాలుగో చక్రం మీద వదిలి మిగతాది గుక్కలో తాగేశాడు. అంతే, ఇక ఎవరూ ఆ చక్రాలని చక్రాలు కాదనలేరు.

"వరసలో ఆఖరి జీపు నీది," అన్నాడు ఖాళీ గ్లాసు తిరిగిస్తూ. "చూస్తూ ఉండు. అంచు దగ్గర దిగబడతావు."

"దిగబడితే తవ్వుకుంటా. నిన్నెన్నిసార్లు తవ్వి తియ్యలేదు?"

నికోలాసా స్టీరింగు దగ్గరికెక్కింది. సెవేరో తనంతట తనే దిగి, తలుపులు తడుముకుంటూ వెనక్కి నడిచి, గిన్నెల పక్క సీట్లో కూర్చున్నాడు.