అటు తిరిగి విన్న మాట

బస్సెక్కగానే కునుకు పట్టే జాతి నాది. అందుకని మదనపల్లె నుంచి కుప్పం దాకా చేసిన ఈ ప్రయాణంలో నేను చూసింది కొంత, కలలోంచి వచ్చి కలిసింది కొంత. వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే సంగతి మాత్రం మెలకువగానే చెప్తున్నాను. నేరుగా పోయే బస్సు కోసం కాచుకుని కూర్చోకండి. పుంగనూరు, పలమనేరు, వి.కోట అని మారుతూ పోవడమే సుఖం.

ఎందుకు బయలుదేరానో కూడా చెప్పాలి. నేను పనిచేసే బడి పుంగనూరికి ఇవతల ఒక పల్లెలో ఉంది. మూడో తరగతిలో నందిని అని ఒక పిల్ల. చేరినప్పటి నుంచి బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. రాయమంటే రాస్తుంది, లెక్కలు చకచకా చేస్తుంది, నోరు మాత్రం విప్పదు. వాళ్ళ నాయన బెంగుళూరులో కంపెనీ పనికి పోయి నెలకోసారి వస్తాడు. ఆయన ముందు కూడా ఇంతే. అమ్మతో, ఇంట్లో దూడతో మాత్రం కబుర్లు చెప్తుందట. ఆ మాట నాయన నమ్మలేదు. పిల్లకు మాట పడిపోయింది, తిరుపతిలో మాటరాని పిల్లల హాస్టల్లో చేర్పిస్తానని పట్టుబట్టాడు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

బడికొచ్చిన ట్యాబ్‌లో పాఠాల వీడియోలు చూపించడం తప్ప మాకు వేరే వాడకం తెలీదు. కుప్పం పక్కన ఒక బడిలో వసంత అనే టీచరు అదే ట్యాబ్‌తో నోరు మెదపని పిల్లల చేత మాట్లాడిస్తోందని విన్నాను. మా హెడ్మాస్టరు మునిరత్నం సారును వారం రోజులు పోరితే, "సరే పదమ్మా, నేనూ వస్తా" అన్నారు. శనివారం బడిని ఇంకో టీచరమ్మకు అప్పగించి బయలుదేరాము.

ఉదయం ఆరు కాకముందే మదనపల్లె బస్టాండుకు చేరాను. రోడ్డు మీద టమాటా పెట్టెల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మంచులో వాటి లైట్లు పండిన టమాటాల్లాగే ఉన్నాయి. సారు ట్యాబ్‌ను తువ్వాలులో చుట్టి, పెరుగన్నం క్యారియరు పక్కన సంచిలో పెట్టుకొచ్చారు. కండక్టరు నాకు జీరో టికెట్ కొట్టి సారు వైపు చెయ్యి చాచాడు.

"ఇద్దరమూ ఒకే బడి పని మీద పోతాండామప్పా," అన్నారు సారు.

"బడి ఒకటే గాని సార్, మీరు ఆడోళ్ళు కాదే," అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వు వింటూనే నేను నిద్రలోకి జారిపోయాను.

పుంగనూరులో దిగి ఇడ్లీ తిన్నాము. చట్నీలో కారం కళ్ళు తెరిపించింది. పలమనేరు బస్సులో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. పొట్టి ఆవు ఈనిందని, కోడలు ఆఫీసు పనికి పోతుందని, మోకాళ్ళ నొప్పి అని ఆగకుండా చెప్తూనే ఉంది. వింటూ ఛార్జింగ్ ఎంతుందో చూద్దామని సారు సంచిలోంచి ట్యాబ్ బయటికి తీశాను. అంతే, ఆమె కొంగు సవరించుకుని కొయ్యబారిపోయింది.

"రాసుకోమ్మా. మా యింట్లో ఐదుమందిమి. సిన్నోడికి ఆధార్ ఇంకా రాలేదు," అంది.

"సర్వే కాదమ్మా, మేము బడి టీచర్లము," అన్నాను.

"టీచర్లే గదమ్మా ఎప్పుడూ వచ్చి రాసుకుండేది? మొకం ఫొటో కూడా తీసుకో, లేకుంటే మళ్ళా లిస్టులో మా పేర్లు పోతాయి."

ఎంత చెప్పినా వినలేదు. ట్యాబ్ లోపల పెట్టేదాకా కళ్ళార్పకుండా బిగుసుకుని కూర్చుంది. పెట్టగానే మళ్ళీ ఆవు దగ్గర మొదలుపెట్టింది. నవ్వుకున్నాను గాని, ఆ బిగుసుకున్న మొహం నేనెక్కడో చూశాననిపించింది. నందిని ముందు ట్యాబ్ పెట్టి "ఏదీ, ఒక్క మాట చెప్పమ్మా" అని అడిగిన ప్రతిసారీ చూసిన మొహమే అది.

వి.కోట దాటాక గుట్టలు, మామిడి తోటలు కళ్ళ ముందు నీళ్ళలో కదిలినట్టు పోయాయి. ముందు సీటువాళ్ళ కన్నడం, వెనక సీటువాళ్ళ అరవం, డ్రైవరు తెలుగు కలిసి నా నిద్రలో ఒకే భాష అయిపోయాయి. కుప్పంలో దిగేసరికి పదకొండు దాటింది. గ్రానైటు పలకల గుట్టల పక్కగా ఆటోలో బడికి వెళ్ళాము.

ఏదో పెద్ద తెర, రంగురంగుల బొమ్మలు ఉంటాయనుకున్నారు సారు. అక్కడ ఉన్నది మూలన ఒక పాత చెక్క బీరువా. అరలు తీసేసి లోపల చాప వేసి, దాని మీద ట్యాబ్ పెట్టారు. మాట్లాడాలనుకున్న పిల్ల లోపలికి దూరి, తలుపు దగ్గరగా వేసుకుని, ఎర్ర బటన్ నొక్కి చెప్పాల్సింది చెప్పి వస్తుంది. పిల్లలు దాన్ని 'చెవి' అంటారు.

"ఈడ పిల్లోళ్ళకు ఇంట్లో అరవం, వీధిలో కన్నడం, బడిలో తెలుగు," అంది వసంత టీచరు. "తప్పు మాట్లాడితే నగతారని బయం. ట్యాబు సూపించేదానికి కాదు, ఇనేదానికి పెట్టినాము."

"మరి ఎప్పుడు వింటారు?" అని అడిగాను.

"ఆ పిల్ల నాకు కనపడనప్పుడు. గోడ పక్క తిరుక్కోని ఇంటాను. ఇన్నాక ఆ పిల్లను ఏమీ అడగను. జవాబు కూడా ట్యాబులోనే చెప్పి బీరువాలో పెడతాను."

"మొహం చూడకుండా పాఠమెట్లమ్మా?" అన్నారు సారు.

"మీరు అట్లా సూస్తాంటే నాకే మాట తడబడతాండాది సార్," అంది వసంత. సారు గబుక్కున కిటికీలోకి చూశారు.

మేమున్నంతసేపూ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బీరువాలోకి పోయి వస్తూనే ఉన్నారు. తలుపు సందులోంచి గుసగుసలు వినిపించేవి. బీరువా తనలో తను మాట్లాడుకుంటున్నట్టుండేది. సాయంత్రం దాకా అక్కడే ఉండిపోవాలనిపించింది.

చెట్టు కింద పెరుగన్నం తిని రెండు గంటల బస్సు పట్టుకున్నాము. పుంగనూరు చేరేసరికి మసక పడింది. మదనపల్లె బస్సు కదలబోతుండగా ఒకామె ట్రంకు పెట్టె తోసుకుంటూ ఎక్కింది. నందిని వాళ్ళమ్మ రెడ్డెమ్మ. కొంగు పట్టుకుని నందిని.

"కొత్త పెట్టె టీచరమ్మా," అంది రెడ్డెమ్మ గొంతు తగ్గించి. "రేపు మాపటికి వాళ్ళ నాయన వస్తాడు. సోమారం పిల్చుకోని పోతాడంట. దూడతో మాట్లాడతాదిరా సామీ అంటే, ఎవురిన్నారు అంటాడు. వీడియో కాల్ చేస్తే ఇది మూతి బిగించుకుంటాది."

పెట్టె మీద నీలం పూలు. ఆ పూలను చూస్తే ఏడుపొచ్చింది. నందినిని నా ముందు సీటులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ట్యాబ్ తువ్వాలులో చుట్టి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను.

"ఇది ఎర్ర బటను. నేను అటు తిరుక్కుంటాను. నువ్వు దిగిపోయాకనే వింటాను. ఏమీ చెప్పకపోయినా సరే."

అటు తిరిగాను. రెడ్డెమ్మను కూడా తిప్పాను. సారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని గురక నటించారు, కాస్త ఎక్కువగానే. బయట పొలాలు చీకట్లో కరిగిపోతున్నాయి. ఈసారి మాత్రం నాకు నిద్ర రాలేదు.

వాళ్ళ ఊరి దగ్గర బస్సు ఆగింది. ట్యాబ్ నా ఒళ్ళోకి వచ్చింది. తిరిగి చూసేసరికి తల్లీబిడ్డలు పెట్టె పట్టుకుని దిగిపోయారు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదట బస్సు మోత. ఎంతసేపటికీ అదే మోత. ఇక ఏమీ లేదనుకుంటున్నప్పుడు ఒక సన్నటి గొంతు వచ్చింది.

"టీచర్, ఇంకా ఆపక్కే సూస్తాండారా?"

ముందు సీటు ఖాళీగా ఉంది. అయినా నేను కిటికీ వైపు తిరిగాను.

"సూడొద్దండి. మా దూడ పేరు మల్లి. నాకు మాటలు వస్తాయి. ఆ పెట్టె నాకొద్దు. మా నాయనకు చెప్పండి టీచర్."

కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆ పిల్ల గొంతు నేను విన్నది అదే మొదటిసారి.

"ఏమన్నా పలికిందా అమ్మా?" అన్నారు సారు కళ్ళు తెరిచి. ఒక ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చాను. ఆయన రెండో వైపు కిటికీకి తిరిగి, మదనపల్లె లైట్లు కనిపించేదాకా మళ్ళీ మళ్ళీ విన్నారు.

కుప్పం వెళ్ళేవాళ్ళు ఆ బీరువాను తప్పకుండా చూసి రండి. మేమిద్దరం మాత్రం రేపు సాయంత్రం ట్యాబ్ తీసుకుని నందిని వాళ్ళింటికి పోతున్నాము. వాళ్ళ నాయనతో వాదించాలని లేదు. ఒక్కటే అడుగుతాను. "అప్పా, కాసేపు అటు తిరిగి కూర్చో."