తామరరేకుల బొంత

మొన్న మా అమ్మాయి తన పసిబిడ్డ కోసం ఫోనులో తెప్పించిన బొంత ఇంటికొచ్చింది. మీద ఉబ్బెత్తు గులాబీలు, చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి గానీ, నా పాడు అలవాటు కొద్దీ తిప్పి వెనకవైపు చూశాను. పూలకు కుట్టన్నది లేదు, అంతా జిగురే. నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, బొంతను తిప్పి చూడకుండా నమ్మడం మనకు చేతకాదు.

తొంభైలలో, పెళ్ళికి ముందు, చిత్తూరులో టైలరింగు క్లాసుకు వెళ్ళేదాన్ని. అక్కడి టీచరమ్మ నేర్పిన ఉబ్బెత్తు పూలపని నాకు పిచ్చిగా పట్టుకుంది. గుడ్డను రెండు పొరలుగా రేకులా కత్తిరించి, అంచు కుట్టి, తిరగేసి, చిటికెడు దూది కూరి, మొదలు మాత్రం బొంతకు కుట్టి కొసను వదిలేస్తే, రేకు నిజంగానే విచ్చుకున్నట్టు లేచి నిలబడేది. కాడలకు గొలుసుకుట్టు, పువ్వు నడుమ పసుపుదారంతో ముడికుట్టు. దూది ఎక్కువైతే రేకు వంకాయలా ఉందని టీచరమ్మ ఎగతాళి చేసేది. నా మొదటి పూలన్నీ వంకాయలే.

పెళ్ళయి తిరుపతికి వచ్చిన ఏడాదే మా ఆడబిడ్డ తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. పుట్టబోయే బిడ్డ కింద పరచడానికి పాతచీరలతో బొంత కుట్టమని మా అత్త నాకు పురమాయించింది. కొత్త కోడలిని, పనితనం చూపించుకోవాలన్న ఉబలాటం నాది. అత్త ఆ రోజు పెట్టెలోని బట్టలన్నీ వసారాలో గాలికి ఆరేసి, పాతవి మంచంమీద ఉన్నాయి తీసుకోమని చెప్పి అంగడికి వెళ్ళింది. మంచం పక్కన కుర్చీమీద, మడతలు చిట్లిన ఎర్రపట్టుచీర ఒకటి కనిపించింది. బొంతమీద నేను కుట్టాలనుకున్న తామరలకు ఇంతకన్నా మంచి రంగు ఎక్కడ దొరుకుతుంది, ఇదీ పాతదే కదా అనుకుని కత్తెర పెట్టేశాను.

పూర్తయ్యాకే చూపాలని గదిలో దాచుకుని కుట్టాను. పది రోజులకు, బొంత పూర్తయ్యేసరికి, బిడ్డ పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజు పొద్దున అత్త పెట్టె అంతా తిరగేస్తూ కనిపించింది.

"అమ్మవారి సీర యాడ పెట్టినానో తెలీలేదు మే. బిడ్డమీద కప్పి ఇంట్లోకి తేవాలని ఎన్నేండ్లుగానో దాసిపెట్టినాను" అంది.

తిరుచానూరులో అమ్మవారికి కట్టిన చీర, ప్రసాదంగా ఆమెకు దక్కిందట. కుర్చీమీద నేను కత్తెర పెట్టింది దానికే. కోసింది చాలక, దాన్ని పసిబిడ్డ కింద, పక్క తడిపే చోట పరవబోతున్నాను! ఏమీ ఎరగనట్టు ఊరుకుందామని ఒక్కక్షణం అనిపించిన మాట దాచను. చివరికి ఏడుస్తూ బొంత తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, జరిగింది చెప్పాను.

ఆమె బొంత విప్పింది. ఒక్కో రేకునూ వేళ్ళతో తడిమింది, కొసలు ఎత్తి చూసింది, వెనక్కి తిప్పి కుట్లు చూసింది.

"ఇన్ని బుడిపెలుండాయే, దీనిమీద పసిబిడ్డ ఎట్ల పండుకుంటాది? ఈపు ఒత్తుకోదా?" అంది. బొంతను మడిచి భుజాన వేసుకుని, "ఇది పరిసేది కాదు మే, కప్పేది. నేను కప్పాలనుకున్న సీరే గదా. ఏడుపు మాని రా, ఆటో వచ్చుండాది" అంటూ లేచింది.

గుండెల మీద నుంచి బండ దించినట్టయింది నాకు. ఆ పూట అమ్మవారి చీరలోని తామరల కిందే బిడ్డ మా గడప దాటి లోపలికొచ్చింది. అత్త ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. పెట్టె తాళంచెవి మాత్రం నెలరోజులు కొంగుకే కట్టుకుని తిరిగింది.

అత్త పోయి చాలా కాలమైంది. ఆ బొంత ఇప్పుడు ఆడబిడ్డ కూతురి దగ్గరే ఉంది, రంగు వెలిసినా ఒక్క రేకూ ఊడలేదట. మా అమ్మాయి కొన్నదాన్ని నేను తప్పుపట్టను, ఉతకడం తేలిక, బిడ్డ హాయిగానే నిద్రపోతోంది. తడిమి చూస్తే ఎవరి చీరా గుర్తుకు రాదు, అంతే. ఇప్పుడు నా ఇంట్లో నేను ఏ చీరకు కత్తెర పెట్టినా అడిగేవాళ్ళు లేరు. ఆనాటి భయం లేదు, అది తీరిన పొద్దున నాకు కలిగిన సుఖమూ లేదు.