సున్నాకు సున్నా

వీడియో గేముల మీద నా అభిప్రాయం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాను. ఏ డబ్బా గొప్పది, ఏ కంపెనీ గొప్పదని కొట్టుకునే పిల్లలకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఆ ఆటలు తయారుచేసేవాళ్లు ముందుగా ఒక్క నేతగాడి ఇంటికైనా వచ్చి చూసి ఉండాల్సింది. వాళ్లు రాలేదు, నష్టపోయింది నేను.

ఎనభైల నడుమ, వరంగల్లుకు టీవీ వచ్చిన కొత్త. మాది కొత్తవాడలో మగ్గం ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, పలకలు తొక్కుతూ బాపు తువ్వాళ్లు నేసేవాడు. పక్కన రాట్నం మీద అవ్వ నూలు కండెలు చుట్టేది. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలవడం మా వైపు అలవాటు. నేను డిగ్రీ తప్పి, ఇంట్లో అందరికంటే నాకే తెలివి ఎక్కువన్నట్టు మాట్లాడుతూ తిరిగేవాణ్ని.

కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండే నా దోస్తు బొంబాయి నుంచి ఒక టీవీ గేము తెచ్చాడు. నల్లటి తెర మీద ఈ చివర ఒక తెల్ల గీత, ఆ చివర ఒక తెల్ల గీత, నడుమ ఒక చుక్క. చేతిలో బిరడా తిప్పితే గీత పైకీ కిందికీ పోతుంది. చుక్క వచ్చి గీతకు తగిలితే టక్కుమని వెనక్కి పోతుంది. తగలకపోతే ఎదుటివాడికి ఒక నంబరు. అంతే ఆట. అప్పట్లో మాకది బ్రహ్మాండం.

మా ముందు గది రోడ్డు మీదికే ఉంది. మగ్గం తీసేసి, గుంట పూడ్చి, అక్కడ గేముల దుకాణం పెట్టాలని మేమిద్దరం అనుకున్నాం. మా దోస్తుకు అప్పటికే వ్యాపార సూత్రం దొరికింది. "ఆట జల్దీ ఒడవాలె, అయిపోవాలె. ఓడినోడు లేస్తడు, ఇంకోడు కూసుంటడు. ఎంతమంది ఓడితే మనకంత మంచిది" అన్నాడు. ఇప్పటి పెద్ద కంపెనీలు కూడా ఇంతకంటే కొత్తగా ఏమీ కనిపెట్టలేదని నా నమ్మకం.

గది అడిగితే బాపు వెంటనే కాదనలేదు. పవర్‌లూములొచ్చాక చేతి తువ్వాలు అడిగేవాళ్లు తగ్గుతున్నారు. "ముందుగాల నేనూ మీ అవ్వా ఆడి చూస్తం. పనికొచ్చేదైతే గది నీదే" అన్నాడు.

ఆదివారం పొద్దున మా దోస్తు టీవీ కూడా మోసుకొచ్చాడు. బాపు గుంటలోంచి లేవనన్నాడు. కుర్చీలో కూర్చుంటే చెయ్యి ఆడదట. మగ్గం అవతల స్టూలేసి టీవీ పెట్టాం. అవ్వ గుంట అంచున బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాడకట్టంతా గుమ్మంలో నిలబడింది.

చుక్క కదిలింది. బాపు దాన్ని సరిగ్గా అవ్వ గీత నడుమకు పంపాడు. అవ్వ అంతే మర్యాదగా తిప్పి పంపింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. కింద గుంటలో బాపు కాళ్లు పలకల మీద, నేసేటప్పటిలాగే, ఆగకుండా ఆడుతున్నాయి. నేను గడియారం చూశాను. పావుగంట దాటింది. తెర మీద సున్నాకు సున్నా.

"కాకా, జర ఏటవాలుగ కొట్టు" అన్నాడు మా దోస్తు ఉండబట్టలేక.

"గట్ల కొడితె ఆమెకు అందది గద బిడ్డా" అన్నాడు బాపు.

అప్పుడు నాకు అర్థమైంది. వాళ్లు ఆడటం లేదు, నేస్తున్నారు. ఆ చుక్క వాళ్లకు నాడె. మగ్గంలో పడుగు నడుమ అటూ ఇటూ తిరిగే నాడె కింద పడిందంటే అది నేసినవాళ్లదీ, కండె చుట్టినవాళ్లదీ, ఇద్దరి తప్పు, బట్టకు లోపం. నాడె జారవిడిచినందుకు ఎవరికో నంబరెందుకిస్తారో వాళ్ల బుర్రకెక్కలేదు. ఒకసారి అవ్వకు తుమ్మొచ్చి చుక్క తప్పింది. బాపు వైపు ఒకటి పడింది. ఆయన మొహం వాడిపోయింది. "గా నంబరు తుడిపెయ్‌రా" అన్నాడు. తుడిపే బటన్ లేదు. స్విచ్చి ఆపి మళ్లీ వేశాం. సున్నాకు సున్నా వచ్చాక గానీ ఆయన శాంతించలేదు.

గుమ్మంలో జనం ఒక్కొక్కరే జారుకున్నారు. మా దోస్తు నా చెవిలో, "గిసుంటోళ్లు నలుగురొస్తె దుకాణం బంద్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "బాపు, అవ్వను ఓడగొట్టాలె. గదే ఆట" అని అరిచాను.

బాపు బిరడా కింద పెట్టాడు. దోస్తు ముందు నా పరువు పోతున్నదని ఆయనకు తెలిసినట్టుంది. "మాకు రాదు తీ. వచ్చెటోళ్లు ఆడుకుంటరు. గది తీస్కో" అన్నాడు. ఆ సాయంత్రమే బట్ట కోసి దించాడు. మగ్గం కట్టెలు వెనక వసారాలో పెట్టాడు. మర్నాడు నేనే రెండు బండ్ల మొరం పోసి గుంట పూడ్చాను. గెలిచానని తెగ సంబరపడ్డాను.

దుకాణం తెరిచే ముహూర్తానికి ఇంకా నాలుగు రోజులుంది. ఈలోగా ఒక పొద్దున టీవీ ముందు రెండు కుర్చీలు వేసి, మీరే మొదటి గిరాకీ అని ఇద్దరినీ కూర్చోబెట్టాను. బాపు బిరడా పట్టుకున్నాడు. మొదటి చుక్కే తప్పింది. రెండోదీ తప్పింది. కింద కాళ్లు పూడ్చిన నేల మీద ఇటూ అటూ దేవులాడుతున్నాయి, ఆనడానికి ఏమీ దొరకడం లేదు. పాదం ఆడకపోతే ఆయన చేతికి ఎటు పోవాలో తెలియదు. పదిహేనేళ్ల వయసు నుంచి ఆ రెండూ కలిసే పని చేశాయి మరి.

అవ్వ వైపు మూడు పడింది. ఆ తర్వాత అవ్వకు కూడా తప్పడం మొదలైంది. మెల్లగా, కళ్లముందే వస్తున్న చుక్కను వదిలేసింది. ఒకటి, రెండు, మూడు. మూడుకు మూడయ్యాక ఆగింది. బాపుకు మళ్లీ ఒకటి తప్పితే, ఆమె కూడా ఒకటి వదిలేది. ఆయన తెరనే చూస్తున్నాడు. ఆమె ఆయన కాళ్లను చూస్తున్నది.

నాకు సిగ్గేసింది. అంత సిగ్గు డిగ్రీ తప్పినప్పుడు కూడా వేయలేదు. వెనక వసారాలోకి పోయి గడ్డపార, పార తెచ్చాను. కుర్చీలు జరపమని చెప్పి, నేను పోసిన మొరం నేనే తవ్వడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం మా దోస్తు దుకాణం బోర్డు మోసుకుని వచ్చేసరికి మోకాళ్ల లోతు గుంటలో ఉన్నాను. వాడు బోర్డు గోడకు ఆనించి, నన్నూ బాపునూ చూసి, చాయ్ ఉందా అని అవ్వనడిగాడు.

సాయంత్రానికి, చాలనుకుని పార పైకి అందించాను. బాపు అందుకోలేదు. గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి చూసుకున్నాడు.

"ఇంకో జానెడు తవ్వు" అన్నాడు. "నీ కాళ్ల కొలత కాదు బిడ్డా, నావి కొలువు."